వాగ్దాన కార్డుల పెట్టె: ఆదివారం ఆరాధనకు ఏమాత్రం పనికొస్తుంది?

వాగ్దాన కార్డుల పెట్టెను ఎవరు అచ్చువేసినా లోపల సరుకు దాదాపు ఒకటే. అరచేతిలో ఇమిడే డబ్బా, అందులో వంద నుంచి రెండు వందల దాకా చిన్న కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వచనం. కొన్నిట్లో కార్డులకు బదులు సన్నగా చుట్టిన కాగితపు చుట్టలు ఉంటాయి, వాటిని పైకి లాగడానికి ఓ చిన్న పట్టకారు. అందుకే ఫలానా ముద్రణ సంస్థ అని పేరు పెట్టకుండా ఈ రకం వస్తువునే మొత్తంగా పరీక్షకు పెట్టాం. పరీక్ష కూడా ఒక్క పనికే: శనివారం రాత్రి ఈ పెట్టె తెరిచిన మనిషి ఆదివారం ఉదయం మరింత సిద్ధపడిన హృదయంతో ఆరాధనకు వెళ్తాడా లేదా?

వెళ్తాడు, తీసిన కార్డును తిరిగి దాని అధ్యాయంలో పెట్టి చదివితే. కార్డు దగ్గరే ఆగిపోతే మాత్రం పెట్టె మేలు కన్నా చెరుపే ఎక్కువ చేస్తుంది. మార్కులు వేయాలంటే ఐదుకు మూడు. పోయిన రెండూ అచ్చు నాణ్యత వల్ల పోయినవి కావు, వచనాలను కత్తిరించే తీరు వల్ల పోయినవి.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

చుట్టల పెట్టె చూడముచ్చటగా ఉంటుంది, కానీ వాడకానికి రాదు. చుట్ట విప్పిన ప్రతిసారీ అంచు నలుగుతుంది. కొన్నాళ్లకు అది మునుపటంత బిగువుగా చుట్టుకోదు, పక్క చుట్టలను నొక్కేస్తుంది. ముందు చిరిగేది కొస. వచనం ఎక్కడిదో చెప్పే రిఫరెన్సు సాధారణంగా ఆ కొసనే ఉంటుంది. రిఫరెన్సు పోయిన చుట్టతో ఈ సమీక్షలో చెప్పబోయే పనేదీ సాధ్యం కాదు.

కార్డులైతే కనీసం 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మందం ఉండాలి. పల్చని కార్డుకు వెనక పెన్సిల్‌తో రాస్తే ముందువైపు అచ్చు మీద తేలుతుంది. గ్లాసీ లామినేషన్ ఉన్నవాటిని పక్కన పెట్టండి: దీపం కింద మెరిసి అక్షరం కనిపించదు, పైగా పెన్సిల్ పట్టదు. వెనకవైపు ఖాళీగా, గరుకుగా ఉన్న కార్డే కావాలి, ఎందుకంటే సగం పని అక్కడే జరుగుతుంది. సూర్యాస్తమయం ఫోటో మీద తెల్లక్షరాలు వేసిన డిజైన్లు ఇప్పుడు ఎక్కువ. బహుమతిగా ఇవ్వడానికి బాగుంటాయేమో గానీ చదవడానికి కాదు. తెలుగు అక్షరం 10 పాయింట్ల కంటే తగ్గితే ఒత్తులు మూసుకుపోతాయి. 'ఐశ్వర్యము', 'శాస్త్రము' లాంటి మాటలు ఊహించి చదవాల్సి వస్తుంది. 12 పాయింట్లు ఉంటే పెద్దవాళ్లు కళ్లద్దాలు వెతుక్కోకుండా చదువుకుంటారు.

రిఫరెన్సు రాసిన తీరు చూడండి. 'యెహె', 'యెహో', 'యెష' అని పొట్టి చేసి వేసిన పెట్టెల్లో యెహెజ్కేలు, యెహోషువ, యెషయా కలగాపులగం అవుతాయి. 'యోహా' అని వేసి ముందున్న అంకె వదిలేస్తే అది సువార్తో, పత్రికో తెలియదు. గ్రంథం పేరు పూర్తిగా, అధ్యాయం, వచనం అంకెల్లో ఉండాలి. ఏ అనువాదమో డబ్బా మీద ఒక్క మాట వేసుంటే ఇంకా మంచిది. పాత అనువాదం నోటికి వచ్చినవాళ్లకు వాడుకభాష కార్డు కొత్తగా అనిపిస్తుంది, కొత్తతరానికి దీనికి తలకిందులు. రెండిట్లో ఏదైనా ఫరవాలేదు. ఒకే పెట్టెలో రెండూ కలిపితేనే చికాకు.

ఇక అసలు పరీక్ష. ఓ పది కార్డులు తీసి, వచనం మొదట్లోనో చివర్లోనో మూడు చుక్కలు ఎన్నిట్లో ఉన్నాయో చూడండి. చుక్కలు పెట్టినవాళ్లు కాస్త నిజాయితీపరులు. చుక్కలు కూడా లేకుండా కోసేసిన కార్డులూ ఉంటాయి. కోతకు ముందు బలయ్యేవి 'గనుక', 'అయితే', '-నయెడల' లాంటి మాటలు. వాగ్దానానికీ దాని షరతుకూ, వాగ్దానానికీ దాని కారణానికీ మధ్య ముడి ఆ చిన్న మాటల్లోనే ఉంది.

పెట్టె గుట్టు బయటపెట్టే కార్డులు

ద్వితీయోపదేశకాండము 28:13 దాదాపు ప్రతి పెట్టెలోనూ దొరుకుతుంది: 'యెహోవా నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు.' ఆయన ఆజ్ఞలను విని వాటిని గైకొంటే అన్న షరతు అదే వచనంలో ఉంది. కార్డు మీద మాత్రం ఉండదు. ఆ అధ్యాయంలో మొత్తం 68 వచనాలు. దీవెనలు 14వ వచనంతో ముగుస్తాయి, 15 నుంచి చివరిదాకా శాపాలే. పద్నాలుగింటిలోంచి అరవచనం తీసి, తక్కిన యాభైనాలుగింటి ఊసే లేకుండా చేతిలో పెడితే చదివేవాడికి దేవుడు అర్థం కాడు, తన కోరికే మరింత బలంగా వినిపిస్తుంది.

యోబు 8:7 ఇంకా చిత్రం. 'నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.' వినడానికి ఎంత బాగుందో! కానీ ఈ మాట దేవుడిది కాదు, యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదుది. నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే చచ్చారన్న అర్థం వచ్చేలా మాట్లాడి, నువ్వు పవిత్రుడివైతే బాగుపడతావని దెప్పిన సందర్భం అది. పుస్తకం చివర 42:7లో ఆ స్నేహితులు తనను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడే తేల్చి చెప్పాడు. యోబు జీవితం చివరికి వృద్ధి చెందిన మాట నిజమే, అయితే అది బిల్దదు లెక్క ప్రకారం జరగలేదు. ఈ కార్డు ఉన్న పెట్టెను కూర్చినవాళ్లు ఎవరు మాట్లాడుతున్నారో చూడకుండానే ఏరారని అర్థం.

అలాంటిదే ఆదికాండము 31:49. దూరంగా ఉన్నప్పుడు యెహోవా మన మధ్య కావలి కాయును గాక అన్న ఆ మాటను ఆత్మీయుల వీడ్కోలుకు వాడతారు. నిజానికి అది లాబాను యాకోబును నమ్మక చేసిన హెచ్చరిక. తర్వాతి వచనం చదివితే చాలు, నా కూతుళ్లను బాధపెట్టినా వేరే స్త్రీలను పెళ్లాడినా దేవుడు చూస్తుంటాడు జాగ్రత్త అంటున్నాడు మామగారు.

యిర్మీయా 29:11ను తప్పుపట్టడానికి లేదు. దేవుడు పలికిన వాగ్దానమే, మాటలూ పూర్తిగానే వేస్తారు. అయినా దాని బరువు తెలియాలంటే పై వచనం చదవాలి: ఇది నెరవేరడానికి బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలి. ఇది బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది పరాయి నేలలోనే కన్నుమూయాల్సినవాళ్లు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండే రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయని ప్రకటించాడు. జనానికి నచ్చే కార్డు అదే. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు, డెబ్బై ఏళ్ల మాట నిలిచింది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని 5 నుంచి 7 వచనాల్లో చెప్పినవి కూడా ఈ వాగ్దానంలో భాగమే. వాటిని కలిపి చదివితే ఈ కార్డు తొందర తగ్గించి నిలకడ నేర్పుతుంది. విడిగా చదివితే ఈ నెలాఖరుకు ఏదో జరుగుతుందన్న ఎదురుచూపు మిగులుతుంది.

ఫిలిప్పీయులకు 4:13 సంగతీ అంతే. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అన్న పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. ఆ 'సమస్తము' ఏమిటో ముందు రెండు వచనాల్లోనే ఉంది: కడుపునిండా ఉండడమూ, ఆకలితో ఉండడమూ.

ఒక వాగ్దానాన్ని సందర్భంలోంచి లాగి చూపించడం సువార్తల్లోనే కనిపిస్తుంది, చేసింది అపవాది. మత్తయి 4:6లో వాడు 91వ కీర్తన ఎత్తిచెప్పాడు, కానీ 'నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు' అన్న ముక్కను మింగేశాడు. దేవాలయ శిఖరం మీదనుంచి దూకడం దేవుడు చూపిన మార్గం కాదు కదా. (సింహాలనూ నాగుపాములనూ త్రొక్కెదవు అన్న తర్వాతి వచనం జోలికీ పోలేదు, అది తనకే తగిలేది.) యేసు ఆ వాగ్దానం అబద్ధమనలేదు. 'మరియొక చోట వ్రాయబడియున్నది' అన్నాడు. వాగ్దాన పెట్టె వాడే ప్రతివాళ్లూ మూత లోపల రాసి అతికించుకోవాల్సిన మాట ఇది. ఒక కార్డు చేతికి రాగానే మరియొక చోట ఏముందో వెతకాలి.

వాగ్దానానికీ ఆరాధనకూ ముడి ఎక్కడ

ఈ పెట్టెలను అమ్మేటప్పుడు ఆదరణ, ధైర్యం, రోజువారీ ప్రోత్సాహం అంటారు గానీ ఆరాధన ఊసెత్తరు. లేఖనం మాత్రం ఆ రెండిటినీ ఒకే ఊపిరిలో చెబుతుంది. హెబ్రీయులకు 10వ అధ్యాయంలో యథార్థమైన హృదయంతో దేవుని సన్నిధానానికి చేరుదమని 22వ వచనం. వాగ్దానము చేసినవాడు నమ్మదగినవాడని 23. సమాజముగా కూడుట మానవద్దని 25. దగ్గరికి రావడం, మాట నమ్మడం, కలిసి కూడడం ఒకే వరసలో ఉన్నాయి. మాట తప్పేవాడేమోనన్న అనుమానంతో ఎవరి ఎదుటా మనస్ఫూర్తిగా మోకరించలేం. పాటలో నోరు కదులుతుంది, లోపల లెక్కలు నడుస్తుంటాయి.

దీనికి లేఖనంలో దగ్గరి ఉదాహరణ 2 సమూయేలు 7వ అధ్యాయం. దావీదు దేవునికి మందిరం కడతానన్నాడు. వచ్చిన జవాబు నువ్వు కట్టవు అని. దాంతోపాటు అతని సంతానాన్నీ సింహాసనాన్నీ స్థిరపరుస్తానన్న వాగ్దానం. దావీదు లోపలికి వెళ్లి యెహోవా సన్నిధిని కూర్చున్నాడు, 'నేనెంతటివాడను' అని మొదలుపెట్టాడు. 25వ వచనం నుంచి దేవుడు చెప్పిన మాటనే దేవునికి తిరిగి అప్పజెప్పాడు, నీవు సెలవిచ్చినట్టే జరిగించు అని. ఈ ప్రార్థన చేయడానికి ధైర్యం ఎక్కడిదో 27వ వచనంలో చెప్పుకున్నాడు: నీవే తెలియజేశావు కాబట్టి. గమనించండి, అడిగింది దొరకని రోజు అది. అయినా ఆరాధనలో కొరత లేదు. పెట్టె వాడాల్సిన తీరు మొత్తం ఈ పన్నెండు వచనాల్లో (18 నుంచి 29) ఉంది.

శనివారం రాత్రి అరగంట

టీవీ, ఫోను ఆపాక అరగంట చాలు. మొదటి ఐదు నిమిషాలు కార్డు చదివి బైబిల్లో ఆ చోటు తీయడానికి. వాక్యాన్ని బైబిల్లోంచే చదవాలి, కార్డు గుర్తు మాత్రమే. తర్వాత పది నిమిషాలు చదువు: కీర్తన అయితే మొత్తం, పత్రిక లేక ప్రవక్త అయితే అధ్యాయం, అంత ఓపిక లేకపోతే ముందు పది, వెనక పది వచనాలు.

ఆ తర్వాత ఐదు నిమిషాలు కార్డు వెనక పెన్సిల్‌తో నాలుగు సంగతులు రాయండి. మాట్లాడింది ఎవరు? ఎవరితో? షరతు ఏమైనా ఉందా? క్రీస్తులో ఇది ఎలా నిలిచింది? చివరి ప్రశ్న కష్టం, దాన్ని వదిలేయాలనిపిస్తుంది, వదలొద్దు. దేవుని వాగ్దానాలు ఎన్నైనా అన్నీ క్రీస్తునందు అవునన్నట్టుగానే ఉన్నాయని 2 కొరింథీయులకు 1:20 అంటుంది. ఇశ్రాయేలుకో, దావీదుకో ఇచ్చిన మాట మన దాకా వచ్చే దారి అదొక్కటే. ఉదాహరణకు 'నిన్ను విడువను, నిన్ను ఎడబాయను' అన్నది యెహోషువ 1:5లో కనాను యుద్ధానికి ముందు ఒక నాయకుడికి అన్నమాట. హెబ్రీయులకు 13:5 దాన్నే తీసుకుని ధనాపేక్ష లేకుండా, కలిగినదానితో తృప్తిగా ఉండమని చెప్పడానికి వాడింది. కార్డు వెనక ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటే అది గెలుపు నినాదంగా కాక డబ్బు విషయంలో నమ్మకంగా మారుతుంది. క్రీస్తులో దారి దొరకని కార్డు ఏదైనా ఉంటే అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి, పాస్టరుగారిని అడగడానికి విడిగా ఉంచండి.

మిగిలిన పది నిమిషాలు ప్రార్థన. ముందు ఒప్పుకోలు, తర్వాత వాగ్దానాన్ని దావీదులా తిరిగి అప్పజెప్పడం. ఈ క్రమం తారుమారైతే అడగడాలే మిగిలి ఒప్పుకోవడానికి టైమ్ ఉండదు. యాకోబు 4:8లో దేవుని యొద్దకు రండి, ఆయన మీ యొద్దకు వస్తాడన్న వాగ్దానం వెంటనే చేతులు శుభ్రం చేసుకోండి, హృదయాలు పరిశుద్ధపరచుకోండి అన్న ఆజ్ఞ ఉంది. కార్డు మీద మొదటి సగమే ఉంటుంది, రెండో సగం ఈ పది నిమిషాల్లో ఉండాలి.

ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే ఫోన్ చేయాల్సింది కూడా శనివారమే. మత్తయి 5:23, 24 ప్రకారం అర్పణను బలిపీఠం దగ్గర వదిలి ముందు సమాధానపడాలి. ఆదివారం ఉదయం స్నానాలు, బట్టలు, పిల్లల హడావుడి మధ్య ఆ పని జరగదు. జరిగినా తూతూమంత్రంగా జరుగుతుంది.

ఆదివారం ఉదయం కొత్త కార్డు తీయకూడదు. రాత్రి కార్డునే బైబిల్లో పెట్టుకుని వెళ్లండి. పది నిమిషాల ముందు చేరి, పలకరింపులు పాటలయ్యాక పెట్టుకుని, వెనక రాసింది ఒకసారి చదవండి. దేవుని మందిరానికి వెళ్లేటప్పుడు ప్రవర్తన చూసుకో, మాటలు కొద్దిగా ఉండనీ అని ప్రసంగి 5:1, 2 చెప్పేది సరిగ్గా ఈ పది నిమిషాల గురించే అన్నట్టుంటుంది. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారానికైతే చూడకుండా తీయడం మానేసి 1 యోహాను 1:9 లాంటి క్షమాపణ కార్డును కావాలనే ఎంచుకోండి. తన్ను తాను పరీక్షించుకోవాలన్న 1 కొరింథీయులకు 11:28 పక్కన అది ఉంటే పరీక్ష నిరాశలోకి జారదు, ధీమా నిర్లక్ష్యంలోకి జారదు.

వాడకంలో ఎక్కడ చెడుతుంది

ఎక్కువగా చెడేది చీటీ తీసే అలవాటు వల్లే. కళ్లు మూసుకుని తీసిన కార్డు ఇది నాకోసమే వచ్చిందన్న భావం కలిగిస్తుంది. అందులో ఒక థ్రిల్లు ఉంది, అది నమ్మకంలా కనిపిస్తుంది. నచ్చని కార్డు వస్తే లోపల పెట్టి ఇంకోటి తీసే క్షణంలో ఆ రెండిటికీ తేడా బయటపడుతుంది. పెళ్లి సంబంధం, ఉద్యోగం, ఆపరేషన్ లాంటి నిర్ణయాలకు కార్డు తీయడం ఇంకా ప్రమాదం. చీట్ల తీర్పు యెహోవా వశమని సామెతలు 16:33 చూపిస్తారు, అపొస్తలుల కార్యములు 1:26లో యూదా స్థానానికి మత్తీయ పేరు చీటిలో వచ్చింది కదా అంటారు. నిజమే. అయితే ఆ తర్వాతి అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక అపొస్తలులు చీట్లు వేసినట్టు అదే పుస్తకంలో మళ్లీ ఎక్కడా లేదు. పరిష్కారం చాలా తేలిక: కార్డులను బైబిలు గ్రంథాల వరసలో పేర్చి, ముందునుంచి ఒక్కొక్కటే తీయండి. థ్రిల్లు పోతుంది, చదువు మిగులుతుంది.

రోగి చేతిలో పెట్టే కార్డు విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 'నీకు అపాయమేమియు రాదు' అన్న కీర్తన 91:10 ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి ఇస్తే, రేపు జరగరానిది జరిగితే వాళ్లు తమ విశ్వాసాన్నో దేవుని మాటనో తప్పుపట్టుకుంటారు. జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందునన్న యెషయా 43:2 అక్కడ సరిపోతుంది, లేదా కీర్తన 23:4. అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యూదులు రాజుతో అన్న మాట (దానియేలు 3:17, 18) ఇంకా గట్టిది: మా దేవుడు రక్షించడానికి సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ దేవతలను పూజించం. ఈ కార్డు మాత్రం అమ్మకపు పెట్టెల్లో కనిపించడం అరుదు.

ఇదే పెద్ద లోటు కూడా. 'లోకములో మీకు శ్రమ కలుగును' (యోహాను 16:33) యేసు ఇచ్చిన మాటే. సద్భక్తితో బ్రతకనుద్దేశించే వారందరూ హింస పొందుతారన్నది (2 తిమోతి 3:12) కూడా తప్పకుండా నెరవేరుతున్న మాటే. ఇవి లేని పెట్టెతో సిద్ధపడిన హృదయం మొదటి దెబ్బకే సంఘానికి రావడం మానేస్తుంది. అబ్రాహాముకు వాగ్దానం వచ్చేసరికి 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. ఆ పాతికేళ్లలో అతను బలిపీఠాలు కట్టడం మానలేదు.

ఫోను, క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే

రోజూ వాగ్దానం పంపే యాప్‌లో ఒక్కటే గొప్ప సదుపాయం: వేలితో తాకితే పూర్తి అధ్యాయం తెరుచుకుంటుంది. పెట్టెకు అది లేదు. కానీ నోటిఫికేషన్‌గా వచ్చిన వచనం ఇతర మెసేజ్‌ల మధ్య పడి, చదవకముందే పక్కకు తోసేస్తాం. వాట్సాప్‌లో తిరిగే వాగ్దానం బొమ్మలు పెట్టెలోని కోతలకు తాతలు. గోడ క్యాలెండరు వీటికంటే నయం, ఎందుకంటే అందులో ఎంచుకునే వీలే ఉండదు.

ఈ విషయంలో పాతకాలపు ఏర్పాటు ఒకటి చెప్పుకోవాలి. జర్మనీలోని హెర్న్‌హుట్ ఊళ్లో మొరావియన్ అనే ప్రొటెస్టెంటు సంఘంలో 1728 మే 3న దాని నాయకుడు జింజెండార్ఫ్ మరుసటి రోజుకు ఒక వచనం ఇవ్వడంతో రోజువారీ వాక్యం మొదలైంది. 1731 నుంచి ఏడాదికి సరిపడా అచ్చులో వస్తోంది. పాత నిబంధన వచనాన్ని అక్కడా చీటీ వేసే తీస్తారు. కానీ రెండు తేడాలున్నాయి. చీటీ తీసేది ఎవరికి వారు కాదు, సంఘమంతటికీ కలిపి ముందే ఒకసారి. ఆ రోజు అందరూ ఒకే వచనం చదువుతారు. రెండోది, దానికి జతగా కొత్త నిబంధన వచనాన్ని చీటీతో కాకుండా ఆలోచించి ఎంపిక చేస్తారు. మన పెట్టెకు లేనివి సరిగ్గా ఈ రెండే. ఇంట్లో తలా ఒక కార్డు తీయకుండా కుటుంబమంతా వారానికి ఒకే కార్డు పెట్టుకుంటే మొదటి లోటు సగం తీరుతుంది. జత వచనం వెనక రాసుకుంటే రెండోదీ తీరుతుంది.

సొంతంగా చేసుకుంటే

నిజానికి మా ఓటు సొంత పెట్టెకే. మూడంగుళాలు ఐదంగుళాల తెల్ల కార్డులు 52, ఆదివారానికి ఒకటి చొప్పున. ముందువైపు వచనం మొత్తం, 'గనుక', 'అయితే'లతో సహా, చేత్తో రాయాలి. వెనక జత వచనం పైన, నాలుగు ప్రశ్నలకు చోటు కింద.

వచనాల ఎంపికలో మొదటి 15 యాత్రాకీర్తనలకు, అంటే 120 నుంచి 134 వరకు, కీర్తనకొకటి. యెరూషలేముకు ఆరాధనకు ఎక్కి వెళ్లేవాళ్ల పాటలు కాబట్టి ఈ పనికి వీటిని మించినవి లేవు. 120 అబద్ధికుల మధ్య విసిగిన మనసుతో మొదలవుతుంది, 122 మందిరానికి వెళ్దామంటే కలిగిన సంతోషం, 130 అగాధంలోంచి మొర, 131 తల్లి ఒళ్లో సద్దుమణిగిన బిడ్డ, 134 మూడే మూడు వచనాల్లో స్తుతి. 12 కార్డులు క్షమాపణకు, సన్నిధికి చేరే ధైర్యానికి (హెబ్రీయులకు 10:19-22 తప్పకుండా). 10 ఆయన తోడు గురించి. 8 శ్రమల వాగ్దానాలు, వీటిని తగ్గించొద్దు. చివరి 7 ప్రభువు రాకడకు, నూతన ఆకాశానికి, నూతన భూమికి. మత్తయి 18:20 రాసేటప్పుడు 15వ వచనం నుంచి చదివి రాయండి. ఇద్దరు ముగ్గురు కూడిన చోట ఉంటానన్న మాట తప్పు చేసిన సహోదరుణ్ణి దిద్దే సందర్భంలో వచ్చింది, హాజరు తక్కువైనప్పుడు చెప్పుకునే ఓదార్పుగా కాదు.

రాయడానికి వారానికి నాలుగు చొప్పున వేసుకుంటే మూడు నెలల్లో పూర్తవుతుంది. అన్నీ ఒక్కసారే కూర్చుని రాయాలని చూస్తే ఇరవై దాటాక చెయ్యి రాస్తుంటుంది, మనసు ఉండదు. ఇప్పటికే కొన్న పెట్టె ఉంటే పారేయక్కర్లేదు. కోసిన వచనాల కార్డులు పక్కకు తీసి, మిగిలినవాటికి వెనక జత వచనం రాసుకోండి. వెనక చోటు లేని డిజైన్ అయితే తెల్లకాగితం అతికించండి, జిగురు అంచులకు మాత్రమే రాయండి, లేకపోతే కార్డు వంకర తిరుగుతుంది. బిల్దదు కార్డును కూడా ఉంచుకోవచ్చు, వెనక '42:7 చూడు' అని పెద్దక్షరాలతో రాసి.